జన్యువు ఒప్పుకొన్నది, కాలేయమేమనును?

కృష్ణా డెల్టాలోని ఒక ఊరినుండి, ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులొకరు క్రిందటి నెలలో మాకొక ఉత్తరము వ్రాసినారు. వారి కుమార్తె అమెరికాలో కాపురమున్నది. ఆమె బిడ్డకు 16 ఏండ్లు. ఆ బాలికకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి ఉన్నది. చిన్ననాటినుండి దగ్గు, ఎంత తిన్నను ఒంటబట్టని తిండి. నాలుగేండ్లుగా కాలేయముకూడ చెడినది, ప్లీహము పెరిగినది, ఈ మధ్య కడుపున కొంచెము నీరు చేరినది. ఉత్తరములోని మాటలివి: "జన్యువు సరిపోయినదని డాక్టర్లే చెప్పిరి. ఆ మందు పడిన పిల్లలు మెట్లెక్కి పరుగులెత్తుచున్నారని వారే చెప్పిరి. ఇప్పుడు కాలేయము బాగులేదు గనుక సగమే ఇత్తుమనుచున్నారు. అయ్యా, సగము మందుతో సగము ప్రాణము వచ్చునా?"

మేము వైద్యులము కాము. చదువుట, తెలిసినవారిని అడుగుట, విన్నదానిని శ్రోతలకు తెలియునట్లు చెప్పుట మా పని. ఆ ఉత్తరమునకు ఒక్క వాక్యములో జవాబు వ్రాసి పంపవచ్చును: మీ వైద్యులు చెప్పినట్లు చేయుడు అని. అది మర్యాద అగునేగాని జవాబు కాదు. వ్రాసినవారి అనుమతితోనే ఈ పూట ఆ ప్రశ్నను మీ అందరి ముందు పెట్టుచున్నాము.

ముందుగా వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనవలెను. 1938లో న్యూయార్కు నగరమున డోరతీ ఆండర్సన్ అను వైద్యురాలు, తిండి ఒంటబట్టక మరణించిన శిశువుల శరీరములను పరీక్షించి, వారి క్లోమము గట్టిపడి తిత్తులు తిత్తులుగా మారియుండుట చూచి, ఇది వేరొక వ్యాధియని గుర్తించినది. దాని పేరు అక్కడినుండి వచ్చినదే. పదేండ్ల తరువాత, 1948 వేసవిలో, అదే నగరములో ఎండలు మండిపోయినవి. వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ వ్యాధిగలవారు ఎక్కువమంది కనబడిరి. ఎందుకిట్లు జరిగినదని ఆలోచించిన పాల్ డి శాంటాగ్నీసీ అను వైద్యుడు, వారి చెమటలో ఉప్పు హద్దు మీరి పోవుచున్నదని 1953లో ప్రకటించెను. నేటికిని ఈ వ్యాధిని నిర్ణయించుటకు మొదట చేయు పరీక్ష చెమటలోని ఉప్పును కొలుచుటయే. ఇందుకు కారణమైన జన్యువు 7వ క్రోమోజోముమీద దొరికినది 1989లో. టొరంటోలో లాప్‌చీ చూయ్, జాన్ రియోర్డన్, మిచిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ కలిసి సాధించిన పని అది. ఆ జన్యువు పేరు సి.ఎఫ్.టి.ఆర్.

ఆ జన్యువు చేయించు మాంసకృత్తు మన శరీరములో తూము తలుపువంటిది. డెల్టావారికి తూమును గూర్చి మేము చెప్పనక్కరలేదు. ఊపిరితిత్తుల గొట్టములు, క్లోమము, పిత్తనాళములు, ప్రేగులు, వీటి లోపలి పొరలోని కణములు ఆ తూముద్వారా ఉప్పులోని క్లోరైడును బయటికి విడుచును. దానివెంట నీరు వచ్చును. తూము పనిచేయకున్న నీరు రాదు; కాలువలో నీరు తగ్గినప్పుడు పూడిక పేరుకొన్నట్లు, ఆ నాళములలో జిగురు గట్టిపడును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు ప్రతులును చెడినవైననే వ్యాధి వచ్చును. ఒక్క ప్రతి మాత్రమే చెడిన తల్లిదండ్రులకు రోగమేమియు ఉండదు; కావుననే పెక్కు ఇండ్లలో ఇది పిడుగుపాటువలె వచ్చినట్లు తోచును.

ఈ జన్యువులో ఇంతవరకు 2000కు పైగా మార్పులు గుర్తింపబడినవి. అన్నియు ఒక్కటి కావు. అన్నిటికంటె ఎక్కువగా కనబడునది ఎఫ్ 508 డెల్ అనునది. ఆ మాంసకృత్తు 1480 అమైనో ఆమ్లముల గొలుసు. అందులో 508వ స్థానమున ఉండవలసిన ఒక్కటి లోపించినది, అంతే. కాని ఆ ఒక్కటి లేనందున తలుపు వంకరపోయి, కార్ఖానా దాటకముందే కణము దానిని విరిచి పారవేయును. తూము దగ్గరకు అది చేరనే చేరదు. జి 551 డి అను మరియొక మార్పులో తలుపు చేరును, తూములో బిగియును, కాని పైకి లేవదు. వేరు కొన్ని మార్పులలో తలుపుయొక్క నమూనాయే సగములో ఆగిపోవును. తలుపే తయారు కాదు.

కొత్త మందుల కథ యావత్తు ఈ భేదముమీదనే నిలిచియున్నది. 2012లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన ఐవకాఫ్టర్, లేవని తలుపును లేపు మందు. అది మొదట జి 551 డి ఉన్నవారికే. అట్టివారు ఆ దేశపు రోగులలో నూటికి నలుగురు. వంకరపోయిన తలుపును సరిచేసి తూముదాక నడిపించు మందులు తరువాత వచ్చినవి: 2015లో ల్యూమకాఫ్టర్, 2018లో టెజకాఫ్టర్. 2019 అక్టోబరులో ఎలెక్సకాఫ్టర్, టెజకాఫ్టర్, ఐవకాఫ్టర్ మూడును కలిపిన ట్రైకాఫ్టా వచ్చినది. ఎఫ్ 508 డెల్ ఒక్క ప్రతి ఉన్నను అది పనిచేయును. 403 మందిమీద జరిగిన పరీక్షలో ఊపిరి బలము నూటికి 14 వంతుల మేర పెరిగినది. ఊపిరితిత్తుల మార్పిడికై పేరు వ్రాయించుకొన్నవారు కొందరు ఆ జాబితానుండి పేరు తీయించుకొనిరి. మన ఉత్తరకర్త విన్న పరుగుల మాట అతిశయోక్తి కాదు.

మరి ఎవరు అర్హులు? ఇక్కడ ఒక విచిత్రము కలదు. సాధారణముగా మందు ఎవరికి అను ప్రశ్నకు జవాబు రోగములో ఉండును. ఇక్కడ జవాబు జన్యు పరీక్ష కాగితములో ఉన్నది. అరుదైన మార్పులు గలవారు ఒక్కొక్క మార్పునకు పదిమందికూడ ఉండరు. అట్టివారిమీద పరీక్షలు జరుపుట సాధ్యము కాదు. అందుచేత ప్రయోగశాలలో కణములయందు ఆ మార్పును పెట్టి, మందు వేసి, క్లోరైడు కదలినదా లేదా అని చూచిరి. ఆ ఆధారముతోనే 2020 డిసెంబరులో 177 మార్పులను, 2024 డిసెంబరులో మరి 94 మార్పులను అమెరికా జాబితాలో చేర్చినది. ఫ్రాన్సువారు వేరొక దారి పట్టిరి. జాబితాలో లేని మార్పులతో ఊపిరితిత్తులు బాగుగా చెడినవారికి కొన్ని వారములు మందిచ్చి చూచిరి. మొదటి 84 మందిలో 45 మందికి గుణము కనబడినది. కాగితము కాదన్నవారిలో సగముకంటె ఎక్కువమందికి శరీరము ఔనన్నదన్నమాట. 2025లో ఐరోపావారు, తలుపు తయారగుటకు అవకాశమున్న మార్పు ఒక్కటి ఉన్నను చాలునని తమ నియమమును సడలించిరి. జాబితాను నమ్మవలెను, కాని జాబితాయే వేదమని నమ్మరాదని మాకు తోచినది.

ఈ జాబితాలు ఎవరి రక్తమును చూచి తయారైనవి అనుటకూడ ఆలోచింపవలసినదే. అమెరికాలోని రోగులలో, తెల్లవారిలో నూటికి సుమారు 92 మంది ఈ మందులకు జన్యుపరముగా అర్హులు కాగా, నల్లవారిలో సుమారు 70 మందియే అర్హులని 2021లో తేలినది. మనదేశపు పిల్లలలోను ఎఫ్ 508 డెల్ పాలు తక్కువ. ఐరోపాలో చెడిన ప్రతులలో మూడింట రెండు వంతులు అదే కాగా, మనదేశములో జరిగిన పరిశీలనలలో నూటికి 20 మొదలు 40 వరకు మాత్రమే కనబడినది. ఈ వ్యాధి మన నేలమీద లేనేలేదని చాలకాలము అనుకొనిరి. ఇక్కడి రోగిని గూర్చిన మొదటి నివేదిక 1968 నాటిది. దగ్గును, బక్కచిక్కుటను చూచి క్షయ అని మందులు మ్రింగించిన బిడ్డలెందరో! ఐరోపావారి మార్పులను మాత్రమే వెదకు చిన్న పరీక్షలో మన పిల్లల మార్పు చిక్కకపోవచ్చును. "ఏమియు దొరకలేదు" అని వచ్చిన కాగితము పట్టుకొని నిరాశపడక, జన్యువు నంతటిని చదివించు పరీక్ష చేయింపుమని అడుగవలెను.

ఇంతవరకు మొదటి ద్వారము. మన బాలిక ఆ ద్వారము దాటినది. రెండవ ద్వారము కాలేయము.

కాలేయములో ఈ తూములు ఉన్నది ముఖ్యకణములలో కాదు, పిత్తమును తీసికొనిపోవు సన్నని నాళముల గోడలలో. అవి పనిచేయనప్పుడు పిత్తము చిక్కబడి నాళములు మూసికొనిపోవును. చుట్టును మచ్చలు కట్టును. కొందరిలో ఆ మచ్చలు వ్యాపించి కాలేయమంతయు గడ్డలు గడ్డలుగా మారి సిర్రోసిస్ ఏర్పడును. ప్రేగులనుండి రక్తము తెచ్చు ద్వారసిరలో ఒత్తిడి పెరిగి ప్లీహము ఉబ్బును, అన్నవాహికలోని సిరలు పొంగి ఒక్కొక్కప్పుడు రక్తవాంతి అగును. ఇంత తీవ్రస్థితికి వచ్చువారు నూటికి 5 మొదలు 10 మంది. వారిలో పెక్కుమందికి అది బాల్యములోనే కనబడును. తూము పూర్తిగా చెడు మార్పులు రెండు ఉన్నవారిలోనే ఇది ఎక్కువ. ఎఫ్ 508 డెల్ అట్టి మార్పులలో ఒకటి. అనగా ఏ జన్యువు మందునకు తలుపు తెరచుచున్నదో, ఆ జన్యువే కాలేయమును చెడగొట్టుచున్నది. అయినను ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే మార్పులు పంచుకొన్న ఇద్దరిలో ఒకరికి సిర్రోసిస్ వచ్చి మరొకరికి రాకపోవుట కలదు. 2009లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలన, ఆల్ఫా 1 యాంటీట్రిప్సిన్ అను వేరొక మాంసకృత్తు జన్యువులో జడ్ అను మార్పు ఒక్క ప్రతి ఉన్నను, తీవ్రమైన కాలేయవ్యాధి వచ్చు అవకాశము సుమారు అయిదు రెట్లగునని చూపినది. కావున సి.ఎఫ్.టి.ఆర్. కాగితము ఒక్కటి చూచి ఎవరి కాలేయమేమగునో చెప్పుట ఎవరి తరమును కాదు.

ఇక చిక్కు ఎక్కడనగా, ఈ మందులను విరిచి బయటికి పంపవలసిన బాధ్యత ఆ కాలేయముదే. మందు పిత్తనాళములోని తూమును సరిచేయవచ్చును. కాని అక్కడికి చేరుటకు ముందు దెబ్బతిన్న అవయవముమీద బరువు మోపును. మొదటి పరీక్షలలో, కాలేయపు ఎంజైములు మామూలు పైహద్దుకు మూడు రెట్లు దాటినవారు, మందు వాడినవారిలో నూటికి 8 మంది, ఉత్తిమాత్ర వాడినవారిలో 5 మంది. భేదము పెద్దది కాదు. కాని ఆ పరీక్షలలోనికి సిర్రోసిస్ ముదిరిన రోగులను చేర్చుకొనలేదు. ఎవరి విషయములో భయమో వారినే పక్కన పెట్టి లెక్క తీసినారు. పరీక్ష జరుపువారి జాగ్రత్త మాకు అర్థమగుచున్నది. కాని దాని ఫలితముగా ఎక్కువ ప్రమాదములో ఉన్నవారే తక్కువ ఆధారముతో మందు మ్రింగవలసి వచ్చినది. మందు బజారులోనికి వచ్చిన తరువాత, కాలేయము పూర్తిగా విఫలమై మార్పిడి చేయవలసి వచ్చిన సందర్భములు, మరణములుకూడ బయటపడినవి. అందులో కాలేయవ్యాధి ముందు లేనివారును ఉన్నారు. మొదటి నెలలోనే వచ్చినవి కలవు, 15 నెలల తరువాత వచ్చినవి కలవు. అందుచేత 2024 డిసెంబరులో ఆ మందు పత్రముపై అన్నిటికంటె తీవ్రమైన హెచ్చరికను నల్లని గీతల మధ్య ముద్రింపవలెనని అమెరికా అధికారులు ఆదేశించిరి. అదే నెలలో అనుమతి పొందిన ఆలిఫ్‌ట్రెక్ అను కొత్త మందు ఆ హెచ్చరికతోనే పుట్టినది.

కాలేయము ఎంత చెడినదో కొలుచుటకు చైల్డ్, పగ్ అను వైద్యుల పేర్లతో ఒక కొలత ఉన్నది. 1964లో చైల్డ్, టర్కాట్ అనువారు మొదలుపెట్టగా, 1973లో పగ్, ఆయన సహచరులు సవరించిరి. రక్తములో బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తము గడ్డకట్టు కాలము, కడుపులో నీరు, మెదడు మందగించుట, ఈ అయిదింటికి మార్కులు వేసి, 6 వరకు ఏ, 9 వరకు బి, ఆ పైన సి అందురు. ఏ వారికి మామూలు మోతాదు. సి వారికి మందు వాడనే కూడదు. బి వారికి సాధారణముగా వద్దు, తప్పనిసరి అవసరమున్నదని, కీడుకంటె మేలు ఎక్కువని తోచిననే, తగ్గించి ఇయ్యవచ్చును.

ఈ కొలత ఉపయోగమైనదే. కాని అది ఈ పిల్లలకొరకు పుట్టినది కాదు. పొంగిన సిరలకు శస్త్రచికిత్స చేయించుకొను ఇతర రోగులకై పుట్టినది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ముఖ్యకణములు చాలకాలము చక్కగానే పనిచేయును. కావున ద్వారసిరలో ఒత్తిడి ప్రమాదస్థాయిలో ఉన్న బిడ్డకుకూడ ఏ మార్కే రావచ్చును. మరియొక వైపు, తిండి ఒంటబట్టక ఆల్బుమిన్ తగ్గినను, కొవ్వు జీర్ణము కాక కె విటమిన్ లోపించి రక్తము గడ్డకట్టుట ఆలస్యమైనను, తప్పు కాలేయముమీద పడి మార్కులు పెరుగును. మార్కును మాత్రమే చూచి తృప్తిపడు వైద్యునికంటె, మార్కు ఎందుకట్లు వచ్చినదని ఆలోచించు వైద్యుని వద్దకు పోవుట మంచిది.

ఇక మన ఉపాధ్యాయుల సగము లెక్క. వారు లెక్కల మాష్టారో కాదో వ్రాయలేదు. పండ్రెండేండ్లు దాటినవారికి మామూలు మోతాదు ఉదయము మూడు మందులు కలిసిన మాత్రలు రెండు, సాయంకాలము ఐవకాఫ్టర్ మాత్ర ఒకటి. బి స్థాయివారికి ఒకనాడు ఉదయము రెండు, మరునాడు ఒకటి. సాయంకాలపు మాత్ర లేదు. రెండు రోజులకు ఆరు మాత్రలు మూడైనవి. సగమే. కాని ముఖ్యమైన మూడుమందుల మాత్ర నాలుగునుండి మూడు మాత్రమే అయినది. అంతకంటె ముఖ్యమైన సంగతి, నోటిలో వేసికొన్న మందు వేరు, రక్తములో నిలిచిన మందు వేరు. మంచి కాలేయము మందును త్వరగా విరిచివేయును. బి స్థాయి కాలేయము మెల్లగా విరుచును. అట్టివారి రక్తములో ఐవకాఫ్టర్ ఒకటిన్నర రెట్లు నిలుచునని కొలిచి చూచిరి. మామూలు మోతాదే ఇచ్చినచో ఆ బిడ్డకు అందునది మామూలు కాదు, అంతకు మించినది. కావున అయ్యా, మాత్రలు సగమైనంతనే మందు సగము కాలేదు. వైద్యులు ఆమెకు తక్కువ ఇచ్చుట లేదు. ఆమె శరీరము తట్టుకొనగలంత ఇచ్చుచున్నారు.

కాలేయము మరీ చెడినచో మార్పిడి మిగిలియున్నది. కొత్త కాలేయపు పిత్తనాళములలో దాత జన్యువే ఉండును గనుక అక్కడ తూములు పనిచేయును. ఊపిరితిత్తులు మాత్రము ఆ బిడ్డవే. కావున మార్పిడి తరువాతను ఆమె జన్యువు ఈ మందుకు అర్హమే. అయితే కొత్త అవయవమును శరీరము త్రోసివేయకుండుటకై వాడు మందును, దీనిని విరుచునది ఒకే ఎంజైము. రెండును కలిసినప్పుడు రక్తములో వాటి పాళ్లు తరచు చూడవలసి యుండును.

ఆ ఎంజైము మాట వచ్చినది గనుక మన ఇండ్లకు సంబంధించిన కొన్ని సంగతులు. క్షయకు వాడు రిఫాంపిసిన్ ఆ ఎంజైమును రెచ్చగొట్టి ఈ మందులను నిష్ఫలము చేయును; సెలవులకు స్వదేశము వచ్చిన బిడ్డ దగ్గు చూచి తొందరపడి ఆ మాత్ర మొదలుపెట్టరాదు. గ్రేప్‌ఫ్రూట్ అను పండు దీనికి విరుద్ధముగా మందును రక్తములో నిలుపును. అది మన పంపరపనసకు పుట్టిన బిడ్డయే గనుక దీనిని గూర్చికూడ వైద్యుని అడుగుట మంచిది. కామెర్లకని పసరు పోయించు అలవాటు మనలో గట్టిది. ఆకుమందు ఏది ఇచ్చినను వైద్యునికి చెప్పకుండ ఇయ్యవద్దు. ఒక్క విషయములో మాత్రము అమ్మమ్మగారి చేతివాటము పనికివచ్చును: ఈ మాత్రలు కొవ్వుగల తిండితోనే ఒంటబట్టును. నెయ్యి వేసిన అన్నము, మీగడ పెరుగు, ఏదైనను మంచిదే, జీర్ణమునకిచ్చు మాత్రలు వెంటనుండవలెను.

మందు మొదలుపెట్టకముందు ఒకమారు, తరువాత మొదటి ఆరు నెలలు నెలకొకమారు, ఆ పైన ఏడాదిపాటు మూడు నెలలకొకమారు, పిదప ఏడాదికొకమారైనను కాలేయపు రక్తపరీక్ష చేయవలెనని నేటి నియమము. ఎంజైములు అయిదు రెట్లు దాటినచో, లేక మూడు రెట్లు దాటి బిలిరుబిన్‌కూడ రెండు రెట్లు మించినచో, మందు ఆపి చూడవలెను. ఆకలి మందగించుట, కుడివైపు పైకడుపున నొప్పి, మూత్రము ముదురురంగు, కన్నులు పచ్చబడుట కనబడినచో మరునాటి పరీక్షకై కాచుకొనక వెంటనే వైద్యునితో మాట్లాడవలెను.

మనుమరాలికి ఈ నెల జరిగినది రెండవ పరీక్షయని, సూదిపోటుకు విసిగి ఇక రానని మారాము చేయుచున్నదని ఉత్తరము చివర వ్రాసినారు. ఇంకను నాలుగు నెలలు. ఆదివారమునాడు ఫోనులో మాట్లాడునప్పుడు ఆ నాలుగింటిని ఎగవేయవద్దని తాతగారి నోటితో చెప్పించవలెనని మా కోరిక. తల్లి మాటకంటె తాత మాట వినునని వారే వ్రాసినారు.